కొలంబైన్ గింజకు ముందు చలికాలం చూపించాలి

ప్రశ్న: మేము కొలరాడోలో, డెన్వర్ పక్కన అరోరాలో ఉంటాం. నాలుగేళ్ల కిందట ఇల్లు కొన్నప్పుడు నర్సరీ నుంచి రెండు నీలం కొలంబైన్ మొక్కలు తెచ్చి పడమటి గోడ పక్కన పెట్టాను. మరుసటి ఏడాది అవి పూస్తే వీధిలో వెళ్లేవాళ్లు ఆగి ఫొటోలు తీసుకున్నారు. పోయినేడు ఆకులనిండా తెల్లటి గీతలు, పూలు అంతంతమాత్రం. ఈ ఏడు ఒకటి చిగురించనే లేదు, రెండోది జూన్‌లో మొదలు కుళ్లిపోయింది. మార్చిలో గింజల ప్యాకెట్ కొని ట్రేలో అర అంగుళం లోతున నాటి, కింద హీట్ మ్యాట్ కూడా పెట్టాను. మూడు వారాలు చూసినా ఒక్కటీ మొలవలేదు. మట్టి పారబోశాను. పక్కింటివాళ్లు తమ నీలం మొక్క కింద మొలిచిన పిల్లమొక్కలు రెండేళ్ల కిందట ఇచ్చారు, అవి ఈ మేలో గులాబీ రంగు పూశాయి! జూలైలో కొండల మీదకి వెళ్తే అక్కడ ఎవరూ నీళ్లు పోయకుండానే విరగబూసి ఉన్నాయి. ఒకటి వేళ్లతో తెచ్చుకుందామా అనిపించింది. మా అత్తగారు విజయవాడ నుంచి వచ్చి ఉన్నారు, నవంబరు చివర్లో వెళ్తారు. "నీ చేతికి చలవ లేదమ్మా" అంటున్నారు. ఆవిడకేమో ఈ గింజలు తీసుకెళ్లి విజయవాడలో మా పెరట్లో వేయాలని ఉంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, అరోరా

సమాధానం:

అమ్మా, ముందు ఆ చేతి చలవ మాట మనసులోంచి తీసేయండి. మార్చిలో మీరు నాటిన గింజలు చచ్చినవి కావు, నిద్రలో ఉన్నవి. వాటిని లేపే పద్ధతి మనకి అమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో నేర్చుకున్నది కాదు. మన ఊళ్లలో బెండ, చిక్కుడు, గోంగూర ఏది వేసినా వెచ్చటి మట్టి, కాస్త తడి ఉంటే చాలు, వారం తిరక్కుండా మొలక పైకి వస్తుంది. అందుకే మీకు హీట్ మ్యాట్ పెట్టాలని తోచింది. కొలరాడోకి వచ్చిన కొత్తల్లో నేనూ వరసగా రెండు వసంతాలు అలాగే చేసి, ఖాళీ ట్రేల ముందు కూర్చుని బాధపడ్డాను. మూడో ఏడు శీతాకాలంలో బయట మర్చిపోయిన ఒక కుండీలో, ఏప్రిల్లో, నేను అనుకోకుండా పది మొలకలు కనిపించాయి. అప్పుడు అర్థమైంది, ఈ మొక్కకి కావలసింది వెచ్చదనం కాదని.

కొలంబైన్ పుట్టిల్లు మంచు కురిసే కొండలు. అక్కడ గింజ వేసవి చివర్లో నేల మీద రాలుతుంది. రాలగానే మొలిస్తే ఆ లేత మొక్క మొదటి మంచుకే పోతుంది. అందుకని గింజ తనకి తానే లోపల గడియ పెట్టుకుని ఉంటుంది. కొన్ని వారాలు చల్లగా, తడిగా గడిచాక కాని ఆ గడియ తీయదు. అప్పుడే కాయలోంచి రాలిన తాజా గింజ కొంత సులువుగా మొలుస్తుంది కానీ, ప్యాకెట్లో నెలల తరబడి ఎండిన గింజకి ఈ చలి తప్పనిసరి అనుకోండి. రెండో సంగతి వెలుతురు. ఈ గింజకి మొలవడానికి వెలుతురు కావాలి. అర అంగుళం మట్టి కింద దానికి అది అందదు. మూడోది ఓపిక. అన్నీ సరిగ్గా చేసినా మూడు నాలుగు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. చలి లేక, వెలుతురు లేక ఉన్న గింజల్ని మూడు వారాలకే పారబోశారు. ఈ మూడూ సరిచేసుకుంటే అదే చేత్తో మొలకలొస్తాయి.

మీ ఉత్తరం సరైన వేళకి వచ్చింది. ఇది సెప్టెంబరు. ఈ ఏడు మీరు మార్చి దాకా ఆగక్కర్లేదు, చలికాలం చేతే ఆ పని చేయించవచ్చు.

మన ఇళ్లలో పెరుగు తోడుపెట్టడానికి తెచ్చుకునే గ్యాలన్ పాల డబ్బాలు ఉంటాయి కదా, వాటిని పారేయకండి. ఒక డబ్బాని బాగా కడిగి, అడుగున కత్తి మొనతో ఐదారు చిల్లులు పెట్టండి. పిడి కింది అంచు దగ్గర చుట్టూరా కోయండి, కానీ పిడి వైపు ఒక అంగుళం కోయకుండా వదిలేయండి. అప్పుడు పై సగం మూతలా తెరుచుకుంటుంది, ఊడిపోదు. అడుగు భాగంలో మూడు నాలుగు అంగుళాల పాటింగ్ మిక్స్ పోసి బాగా తడపండి, నీరు చిల్లుల్లోంచి కారిపోనివ్వండి. ఇప్పుడు గింజలు. ఇవి తోటకూర గింజలకంటే కాస్త పెద్దగా, నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తూ ఉంటాయి. తోటకూర చల్లేటప్పుడు మనవాళ్లు చేసినట్టే చిటికెడు గింజల్ని గుప్పెడు పొడి ఇసకలో కలిపి చల్లితే ఒకేచోట కుప్పపడవు. డబ్బాకి పదిహేను, ఇరవై గింజలు చాలు. చల్లాక పైన మట్టి కప్పొద్దు. అరచేత్తో మెల్లగా అద్దండి, గింజకి మట్టి తగిలితే చాలు, నల్లటి మెరుపు పైకి కనిపిస్తూనే ఉండాలి. స్ప్రే బాటిల్‌తో తడి చేసి, డబ్బా మూసి, కోసిన చోట చుట్టూ టేపు అంటించండి. పైనుండే చిన్న మూత మాత్రం తీసి పారేయండి, వానా మంచూ లోపలికి వెళ్లే దారి అదే.

నవంబరు మధ్యలో దీన్ని ఇంటికి ఉత్తరం వైపో తూర్పు వైపో, మంచు పడే చోట పెట్టి వదిలేయండి. మంచులో మునిగిపోయినా, రాత్రి గడ్డకట్టి పగలు కరిగినా కంగారుపడకండి. అదే దానికి కావలసింది. డెన్వర్ శీతాకాలంతో ఉన్న చిక్కల్లా ఎండ ఎక్కువ, తేమ తక్కువ కావడం. పదిహేను రోజులకోసారి డబ్బాని చేత్తో లేపి చూడండి. తేలిగ్గా అనిపించి, లోపలి గోడలకి నీటి చుక్కలు కనిపించకపోతే, ఒక పళ్లెంలో నీళ్లు పోసి డబ్బాని అందులో గంటసేపు కూర్చోబెట్టండి, అడుగునుంచి పీల్చుకుంటుంది. ఏప్రిల్లో ముందు రెండు గుండ్రటి చిన్న ఆకులు వస్తాయి. వాటిని చూసి కలుపు మొక్క అనుకుని పీకేసినవాళ్లు నాకు తెలుసు. తర్వాత వచ్చే ఆకు మూడు భాగాలుగా, పెద్దసైజు కొత్తిమీర ఆకులా ఉంటుంది. అది కనిపిస్తే ఇక అనుమానం లేదు. వెచ్చటి మధ్యాహ్నాల్లో మూత తెరిచిపెట్టండి. మూడు నాలుగు అసలైన ఆకులు వచ్చాక, మే మధ్యలో, నేలలోకి మార్చండి. ఆలస్యం చేయొద్దు. ఈ మొక్క వేరు ముల్లంగిలా నేరుగా లోతుకి దిగుతుంది, దిగాక కదిపితే అలుగుతుంది. పెద్ద మొక్కని పీకి ముక్కలు చేసి నాటితే బతకడం కష్టం, అందుకే ఏం చేసినా పసితనంలోనే చేయాలి.

డబ్బాలు వద్దనుకుంటే ఫ్రిజ్ ఉంది. తడిపి పిండిన పేపర్ టవల్‌లో గింజలు పరిచి, జిప్‌లాక్ కవర్లో పెట్టి, మూడు నాలుగు వారాలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఫ్రీజర్‌లో కాదు, కూరగాయలు పెట్టే చోట. ఆ తర్వాత ట్రేలో మట్టి పైపైన చల్లి, 65–70 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండే గదిలో కిటికీ దగ్గర పెట్టండి. హీట్ మ్యాట్ అక్కర్లేదు.

ఫ్రిజ్ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. కొలంబైన్ గింజ చూడ్డానికి అచ్చం నల్ల జీలకర్రలా ఉంటుంది. ఉండటంలో ఆశ్చర్యం లేదు, రెండూ ఒకే వృక్ష కుటుంబానికి చెందినవి. కానీ కొలంబైన్ గింజల్లోనూ వేళ్లలోనూ విష పదార్థాలు ఉన్నాయి, తినకూడదు. పెద్దవాళ్లు వంట చేసే ఇంట్లో, పిల్లలు తిరిగే ఇంట్లో, పేరులేని డబ్బాలో ఈ గింజలు వంటగది అరలో పెట్టొద్దు. కవరు మీద తెలుగులోనే పెద్దక్షరాలతో "పూల గింజలు, తినకూడదు" అని రాయండి. అత్తగారికి ఒకసారి చూపించి చెప్పండి కూడా.

ఇక పోయిన మొక్కల సంగతి. దీనికి రెండు కారణాలు కనిపిస్తున్నాయి, అందులో ఒకటి ఎవరి చేతిలోనూ లేదు. కొలంబైన్ ఏటేటా చిగురించే మొక్కే కానీ దాని ఆయుష్షు తక్కువ. మూడు నాలుగేళ్లు బాగా పూసి వెళ్లిపోతుంది. నర్సరీలో కొన్నప్పటికే దానికి ఏడాది వయసు ఉండి ఉంటుంది. మందార చెట్టులా, మల్లె పొదలా అదే మొక్క ఇరవై ఏళ్లు మన గుమ్మంలో ఉంటుందని ఆశ పెట్టుకుంటే ప్రతిసారీ గుండె కలుక్కుమంటుంది. ఈ పువ్వుని పెంచడమంటే ఒక మొక్కని కాపాడుకోవడం కాదమ్మా, దాని సంతానాన్ని నిలబెట్టుకోవడం. ఏటా కొన్ని కొత్త పిల్లలు నేలలో ఉండేట్టు చూసుకుంటే, పాతది పోయిన ఏడు కొత్తది పూస్తుంది, పాదు ఎప్పుడూ ఖాళీ అవదు.

రెండో కారణం చోటు. పడమటి గోడ అంటే మధ్యాహ్నం రెండు నుంచి సూర్యాస్తమయం దాకా ఎండ, గోడ నుంచి వచ్చే సెగ, అరోరాలో చాలా ఇళ్లలోలా కింద రాళ్లు పరిచి ఉంటే వాటి వేడి కూడా. మొక్క వాడిందని మీరు నీళ్లు పెంచి ఉంటారు. డెన్వర్ చుట్టుపక్కల నేల చాలావరకు బంకమట్టి. అందులో రోజూ నీళ్లు పెడితే పైన ఎండినట్టు కనిపిస్తుంది, కింద వేరు దగ్గర బురద. జూన్‌లో మొదలు కుళ్లడం దానివల్లే అయి ఉండాలి. మొక్కని లాగితే మొదలు మెత్తగా, గోధుమరంగులో, వాసనతో ఊడి వచ్చిందా? అయితే సందేహమే లేదు.

కొత్త పిల్లలకి ఇంటి తూర్పు వైపు చూడండి. ఉదయం ఎండ, మధ్యాహ్నం నుంచి నీడ, అదే దీనికి ఇష్టం. కొండల మీద ఇవి ఎక్కువగా యాస్పెన్ చెట్ల చిక్కనికాని నీడలో పూస్తాయి, మీరు చూసే ఉంటారు. నాటే ముందు అడుగు లోతు గొయ్యి తీసి నీళ్లు నింపండి. అవి ఇంకిపోయాక మళ్లీ నింపి గడియారం చూడండి. గంటకి ఒక అంగుళం పైన దిగితే ఫరవాలేదు. నిలిచిపోతే రెండు మూడు అంగుళాల కంపోస్ట్ పరిచి, జానెడు లోతు దాకా కలిపి, ఆ చోటుని చుట్టుపక్కలకంటే కాస్త ఎత్తు చేయండి. ఎరువు అంతకుమించి వద్దు, బలం ఎక్కువైతే ఆకు పెరుగుతుంది కానీ పువ్వు తగ్గుతుంది. మొక్కకీ మొక్కకీ అడుగు, అడుగున్నర ఎడం ఇవ్వండి. మొదటి ఏడాది వేసవిలో నేల అంగుళం లోతు వరకు ఎండిందని వేలితో చూసుకున్నాకే నీళ్లు పోయండి. గడియారం పెట్టుకుని పోసే నీళ్లు ఈ నేలలో పనికిరావు. మల్చ్ వేస్తే మొదలుకి తగలకుండా నాలుగు వేళ్ల దూరం వదలండి.

మనవాళ్లు ఎక్కువమంది మర్చిపోయేది శీతాకాలపు నీళ్లు. స్ప్రింక్లర్లు అక్టోబరులో ఆపేస్తే మళ్లీ ఏప్రిలే. ఈ మధ్యలో మంచు పడని వారాలు ఎన్నో ఉంటాయి. అలాంటప్పుడు నెలకి ఒకటి రెండుసార్లు, నేల గడ్డకట్టకుండా ఉన్న రోజు చూసి, పగలు 40 డిగ్రీల ఫారన్‌హీట్ దాటాక, మధ్యాహ్నం బకెట్‌తో కాసిని నీళ్లు పోయండి. ఈ ఏడు చిగురించని మీ మొదటి మొక్క వయసు మీరి పోయిందో, చలికాలం దాహంతో పోయిందో ఇప్పుడు చెప్పలేం, ఇకముందు మాత్రం ఆ దాహానికి చోటివ్వొద్దు. మే నెలలో వచ్చే మంచుకి కొలంబైన్ భయపడదు. వడగళ్లకి మాత్రం చిరిగిపోతుంది. ఆకాశం పచ్చగా నల్లబడితే ఒక బకెట్ బోర్లించండి.

ఆకుల మీద తెల్ల గీతల విషయానికి వస్తే, ఒక ఆకు కోసి వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి. గీత ఒకచోట సన్నగా సూది మొనలా మొదలై, మెలికలు తిరుగుతూ పోనుపోను వెడల్పవుతుంది. మన మెలికల ముగ్గు గుర్తొస్తుంది. వెడల్పు చివర చిన్న ముదురు చుక్క కనిపిస్తే, అదే పురుగు. ఒక చిన్న ఈగ ఆకు మీద గుడ్డు పెడితే, అందులోంచి వచ్చిన పురుగు ఆకు పైపొరకీ కిందిపొరకీ మధ్య చేరి తింటూ ముందుకి పోతుంది. తిని పెరిగిన కొద్దీ దారి వెడల్పవుతుంది. టమాటా ఆకుల మీద కూడా ఇలాంటి గీతలే చూసి ఉంటారు. పురుగు ఆకు లోపల ఉంది కాబట్టి పైన కొట్టే మందు దాన్ని చేరడం కష్టం, పైగా పువ్వు మీదకి వచ్చే తేనెటీగలకి చేటు. మందు కొట్టొద్దు. ఆ చుక్క దగ్గర బొటనవేలు, చూపుడువేలు పెట్టి గట్టిగా నొక్కితే పని అయిపోతుంది. గీతలు ఎక్కువున్న ఆకులు కోసి చెత్తబుట్టలో వేయండి, కంపోస్ట్‌లో కాదు.

నిజానికి ఈ పురుగు వల్ల మొక్క చావదు, అందం పాడవుతుంది అంతే. పూలు అయిపోయాక, గింజకోసం రెండు మూడు కాడలు ఉంచుకుని, మిగతా ఆకు మొత్తం నేలకి రెండు మూడు అంగుళాల ఎత్తున కోసేయండి. మొదటిసారి కోసేటప్పుడు చేతులు రావు, నాకు తెలుసు. కోసి ఒకసారి బాగా నీళ్లు పోస్తే కొన్ని వారాల్లో నీలిపచ్చ రంగు కొత్త ఆకు వస్తుంది, దాని మీద ఒక్క గీత ఉండదు. శరదృతువులో రాలిన పాత ఆకులు కూడా ఏరేయండి, పురుగు చలికాలం తలదాచుకునేది ఆ చెత్తలోనే.

దీనికంటే జాగ్రత్తపడాల్సింది సాఫ్లై అనే ఇంకో పురుగు. మే నెలలో ఆకు అంచు వెంబడి, ఆకు రంగులోనే, సన్నటి పచ్చ పురుగులు వరసగా ఉంటాయి. రెండు మూడు రోజులు చూడకపోతే ఈనెలు తప్ప ఏమీ మిగలవు. గొంగళిపురుగుల కోసం అమ్మే బీటీ మందు దీని మీద పనిచేయదు, ఇది సీతాకోకచిలుక జాతి కాదు. పొద్దున్నే ఆకులు తిప్పి చూసి, చేత్తో ఏరి సబ్బునీళ్లలో వేయడమే మందు. ఆగస్టులో ఆకు మీద తెల్లపొడి చల్లినట్టుంటే అది బూడిద తెగులు. ఆ ఆకులు తీసేసి, మొక్కల మధ్య గాలి ఆడనిస్తే చాలు.

గులాబీ రంగు పూల గురించి మీరు రాసింది చదివి నాకు సంతోషం వేసింది, ఎందుకంటే ఈ మొక్కలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి అదే. ఒక కొలంబైన్ పువ్వు తెంపి చేతిలో పెట్టుకుని చూడండి. బయట ఐదు నీలం రేకులు, లోపల ఐదు తెల్ల రేకులు. ఆ తెల్ల రేకు ఒక్కోటీ వెనక్కి సాగి సన్నటి తోకలా తయారవుతుంది. తోక చివర తేనె. పువ్వుని తలకిందులు చేస్తే ఐదు పావురాలు ఒక గిన్నె చుట్టూ కూర్చుని నీళ్లు తాగుతున్నట్టుంటుంది. లాటిన్‌లో కొలుంబా అంటే పావురం, పేరు అలా వచ్చింది. తోక పొడవుని బట్టి చుట్టాలు మారతారు. యూరప్ జాతుల్లో తోక పొట్టి, వంకర, అక్కడికి బొద్దు తేనెటీగలు వస్తాయి. అమెరికా తూర్పు రాష్ట్రాల ఎరుపు-పసుపు జాతికి హమ్మింగ్‌బర్డ్ వస్తుంది. మన కొలరాడో నీలానికి రెండు అంగుళాల దాకా తోక ఉంటుంది, దానికి సాయంసంధ్యలో హాక్ మాత్ అనే పెద్ద రెక్కల పురుగు వచ్చి, గాలిలో నిలబడి, పొడుగాటి నాలుక లోపలికి దించుతుంది. పూలున్న రోజుల్లో ఒకసారి చీకటి పడే వేళ పది నిమిషాలు పాదు దగ్గర కదలకుండా కూర్చోండి, అత్తగారిని కూడా కూర్చోబెట్టుకోండి.

ఎన్ని రకాలున్నా వీటి మధ్య గోడలు పల్చన. పక్కపక్కన నాటితే కలిసిపోతాయి. మీ పక్కింటి నీలం పువ్వు మీద వాలిన తేనెటీగ అంతకుముందు వీధి చివర ఎర్ర పువ్వు మీద వాలి ఉంటుంది. అందుకే తల్లి నీలం, పిల్ల గులాబీ. ఇందులో మోసం లేదు, మీ నేల చెడ్డదీ కాదు. నర్సరీల్లో అమ్మే సంకర రకాల గింజ తీసి వేసినా తల్లిలా రాదు. నికరంగా నీలం-తెలుపే కావాలంటే, ఆక్విలీజియా సెరూలియా అని రాసి ఉన్న అసలు జాతి గింజే కొనండి, ఆ గులాబీలని దానికి దూరంగా ఇంటి వెనక పెట్టండి. అయినా వీధిలో ఎవరింటి పుప్పొడి ఎక్కడికి పోతుందో చెప్పలేం, నాలుగైదేళ్లకోసారి కొత్త ప్యాకెట్ తప్పదు. నా దగ్గరైతే కలిసిపోయినవే ఎక్కువ. ప్రతి మేలో ఏ రంగు విచ్చుకుంటుందో అని పొద్దున్నే చెప్పులు కూడా లేకుండా వెళ్లి చూస్తాను. గింజ ఏరడం సులువే. మొగ్గ తల వంచుకుని ఉంటుంది కానీ కాయ నిటారుగా నిలబడుతుంది, ఐదు గొట్టాల కట్టలా. గోధుమరంగుకి వచ్చి పైన నోరు తెరిచాక కాడని ఊపితే లోపల గలగలమంటుంది. కాగితం కవర్లోకి వంచి దులపడమే.

కొండల మీది మొక్కని వేళ్లతో తేవడం మాత్రం వద్దమ్మా, అది పొరపాటున కూడా చేయొద్దు. 1820లో స్టీఫెన్ లాంగ్ అన్వేషక బృందంతో వచ్చిన ఎడ్విన్ జేమ్స్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ నీలం కొలంబైన్‌ని మొదటిసారి నమోదు చేశాడు. 1899లో కొలరాడో దీన్ని రాష్ట్ర పుష్పం చేసుకుంది. తర్వాత జనం మోపులు మోపులుగా కోసుకుపోతుంటే 1925లో చట్టమే చేశారు. ప్రభుత్వ భూముల్లో వేళ్లతో పీకడం నేరం, పూలు కోయడానికి కూడా రోజుకి ఇరవై ఐదే పరిమితి పెట్టారు. రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌లో అయితే ఒక్క పువ్వు కూడా తెంపకూడదు. చట్టం అలా ఉంచినా, పదివేల అడుగుల ఎత్తున లోతుగా వేరు దించుకున్న మొక్క మీ కారు డిక్కీలో అరోరా దాకా వచ్చి బతకదు. జూలైలో క్రెస్టెడ్ బ్యూట్ వైపు వెళ్లి కళ్లారా చూసి రండి. మొక్క మాత్రం నర్సరీలోనే కొనండి.

ఇదే ప్రశ్న వేరే ఊళ్ల నుంచి కూడా వస్తోంది కాబట్టి రెండు ముక్కలు. డాలస్, ఆస్టిన్‌లలో ఉన్నవాళ్లు ఈ నీలం జోలికి వెళ్లొద్దు, అక్కడి వేడికి నిలవదు. టెక్సస్ గోల్డ్ అనే పసుపు రకాన్ని చెట్టు నీడలో పెట్టుకోండి. న్యూజెర్సీ వైపు ఎరుపు-పసుపు కనడెన్సిస్ మీ అడవి మొక్కే, సులువుగా వస్తుంది. ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లకి ఎవరి తోటలో చూసినా యూరప్ జాతి కొలంబైన్ కనిపిస్తుంది, పొరుగువాళ్లని గింజలు అడగండి. డెన్వర్‌లోనే కాస్త ఎండ చోటు మాత్రమే ఉన్నవాళ్లకి డెన్వర్ గోల్డ్ అనే పసుపు రకం మంచిది, నీలంకంటే వేడిని ఓర్చుకుంటుంది, చాలా రోజులు పూస్తుంది.

అత్తగారి కోరిక. ఆవిడ ఇష్టం నాకు అర్థమవుతుంది. ఇక్కడ చూసిన అందాన్ని ఇంటికి పట్టుకెళ్లాలని ఎవరికుండదు? కానీ విజయవాడలో ఇది బతకదు. మొలకెత్తించడానికి ఫ్రిజ్ ఉంది సరే, మొక్క పూయాలన్నా దానికి వారాల తరబడి ఎడతెగని చలి కావాలి, ఆ తర్వాత చల్లటి వేసవి కావాలి. లంబసింగిలో కొన్ని రాత్రులు గడ్డ కట్టినంత పనైనా, ఆ చలి దీనికి చాలదు. మన దేశంలో ఇది లేకపోలేదు, కశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల్లో అడవి కొలంబైన్ జాతులు పూస్తాయి. కొండ దిగితే మాత్రం లేదు. పైగా అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విదేశాల నుంచి గింజలు తీసుకెళ్లడం మన క్వారంటైన్ నిబంధనలకి విరుద్ధం. సూట్‌కేసులో దాచి పంపొద్దు. నీలం-తెలుపు కావాలంటే పెరటి కంచెకి శంఖుపుష్పం ఎక్కించమనండి, నీలమూ తెలుపూ రెండు తీగలు కలిపి. చలికాలానికి డిసెంబరాలు ఉండనే ఉన్నాయి.

ఆవిడ నవంబరు చివరిదాకా ఉంటారు కదా. నవంబరు మధ్యలో ఒక ఆదివారం చూసుకుని రెండు డబ్బాలు సిద్ధం చేయండి. మట్టి మీరు నింపండి, గింజలు ఆవిడ చేత్తో చల్లించండి, చల్లాక సబ్బుతో చేతులు కడుక్కోమనండి. డబ్బా మీద పర్మనెంట్ మార్కర్‌తో తేదీ, పక్కన ఆవిడ పేరు రాయండి. ఏప్రిల్లో మొలకల ఫొటో పంపించండి, ఆ పై ఏడాది మే నెలకి టికెట్ ఇప్పుడే అనుకోమనండి. పువ్వు మొదటి ఏడాది రాదు, అప్పటికి వస్తుంది.